గొళ్ళెమా, సెంటరా, నాలుక కింద మాత్రా: హెరాయిన్ మాన్పించడానికి ఏది మేలు?

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు మత్తు అంటే ముందు గుర్తొచ్చేది సారా, ఆ తర్వాత గంజాయి. అందుకే వలస పనికి వెళ్ళిన కుర్రాడు బ్రౌన్ షుగర్ (హెరాయిన్‌లో ఒక రకం) అలవాటు చేసుకుని పలాస స్టేషన్లో దిగితే, ఇంట్లోవాళ్ళు తాగుడు మాన్పించే లెక్కలోనే ఆలోచిస్తారు. "ఏటౌద్ది, ఓ వారం గదిలో ఎట్టి గొళ్ళెం ఎట్టీస్తే ఆడే దారికొస్తాడు" అంటాడు పెదనాన్న. అప్పోసప్పో చేసి ప్రైవేటు డీ అడిక్షన్ సెంటర్లో చేర్పిద్దామంటాడు మేనమామ. డాక్టరు దగ్గర రోజూ మాత్ర వేయిద్దామంటే మాత్రం ఇద్దరికీ నచ్చదు. నా ఓటు ఆ మాత్రకే.

ముందు గొళ్ళెం సంగతి. హెరాయిన్ ఆపిన కొన్ని గంటలకే యాతన మొదలవుతుంది. ఆవలింతలు ఆగవు. కళ్ళూ ముక్కూ కారుతుంటాయి, ఒళ్ళు గగుర్పొడుస్తుంది, పడుకుంటే కాళ్ళు తన్నుకుంటూనే ఉంటాయి. వాంతులు, విరేచనాలు సరేసరి. రెండు మూడు రోజులకి ముదిరి, వారం పది రోజుల్లో తగ్గుతుంది. సారా బాగా తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. హెరాయిన్ మానేస్తే ఒళ్ళు హూనమైపోతుంది గానీ, ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకుంటే సాధారణంగా ప్రాణం పోదు.

మోసపోయేది ఇక్కడే. పదో రోజుకి కుర్రాడు తలంటు పోసుకుని, కంచం నిండా తిని, అమ్మతో నవ్వుతూ మాట్లాడతాడు. గండం గడిచిందనుకుంటారు. కానీ అసలు ప్రమాదం అప్పటి నుంచే. మానిన కొద్ది రోజులకే మత్తును తట్టుకునే శక్తి ఒంట్లోంచి పోతుంది, కోరిక మాత్రం పోదు. పాత స్నేహితుడు కనబడి, పాత మోతాదే మళ్ళీ తీసుకున్నాడంటే ఊపిరి నెమ్మదించి ఆగిపోతుంది. జైలు నుంచి విడుదలైన మొదటి రెండు వారాల్లో ఇలాంటి చావులు ఎక్కువని చాలా దేశాల్లో తేలింది. మన గదికి వేసిన గొళ్ళెం తీసిన రోజు కూడా అలాంటిదే.

సెంటర్లోనూ ఇదే చిక్కు, కాకపోతే ఇంకొన్ని నెలలు ఆలస్యంగా. మానసిక వైద్యుడు వచ్చి చూసే చోటైతే, కౌన్సెలింగ్ సరిగా జరిగితే మేలే. ఇంట్లో కుదురు లేనివాడికి ఆ కొన్నాళ్ళ ఎడం పనికొస్తుంది కూడా. చేర్చేముందు రెండు అడగండి: డాక్టరు ఎప్పుడెప్పుడు వస్తారు, బయటికొచ్చాక ఏ మందు మీద ఉంచుతారు. రెండోదానికి జవాబు లేకపోతే డబ్బు దండగ. కట్టేస్తాం, కొడతాం అనే చోటికి అసలు వెళ్ళొద్దు. గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

ఇక మాత్ర. దాని పేరు బ్యూప్రెనార్ఫిన్. నాలుక కింద పెట్టుకుంటే కొన్ని నిమిషాల్లో కరుగుతుంది. పొడి చేసి సూదితో ఎక్కించుకునేవాళ్ళుంటారు కాబట్టి, ప్రభుత్వ కేంద్రాల్లో కరిగేదాకా నర్సు ఎదురుగా కూర్చోబెట్టి నోరు తెరిపించి చూస్తుంది. "ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తా?" అని మేనమామ అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. ఇది మెదడులో హెరాయిన్ పట్టుకునే చోటునే పట్టుకుంటుంది, కానీ తాళంలో సగం మాత్రమే తిరిగే చెవిలాంటిది. యాతన ఆగుతుంది, కోరిక తగ్గుతుంది, అలవాటున్నవాడికి హెరాయిన్ ఇచ్చే తూగు ఇవ్వదు. పొద్దున వేసుకుంటే పనికి వెళ్ళొచ్చు. దీన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఈ తరహా చికిత్సలో కొనసాగినన్నాళ్ళూ చావు ముప్పు సగానికి పైగా తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి.

జాగ్రత్తలున్నాయి. యాతన మొదలవకముందే తొలి మాత్ర వేస్తే, ఆ యాతనే ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. అందుకే చివరిసారి ఎప్పుడు వాడాడో డాక్టరుకి అబద్ధం చెప్పకూడదు. మద్యం, నిద్రమాత్రలు దీంతో కలిస్తే ఊపిరికే ముప్పు. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది తిరుగుడు: రాజాం నుంచో సోంపేట నుంచో రోజూ బస్సెక్కితే కూలి పోతుంది. కుదురుకున్నాక కొన్ని రోజుల మాత్రలు ఇంటికిస్తారేమో మొదటి రోజే అడగండి. మూడు నెలలకే "ఇక చాలు" అనకండి, ఇది కొందరికి ఏళ్ళు పట్టే వైద్యం.

నాల్ట్రెక్సోన్ అని ఇంకో మాత్ర ఉంది. అది మత్తును పూర్తిగా అడ్డుకుంటుంది గానీ, కనీసం వారం పది రోజులు హెరాయిన్ ముట్టనివాడికే ఇవ్వాలి. రోజూ గుర్తుపెట్టుకుని ఇచ్చే మనిషి ఇంట్లో ఉంటేనే దాని జోలికి వెళ్ళడం మంచిది.

పోలీసు కేసవుతుందేమోనని చాలామంది ఆసుపత్రి గుమ్మం ఎక్కరు. సొంత వాడకానికి కొద్దిపాటి మత్తుతో దొరికిన బాధితుడు తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వస్తే, మత్తుపదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 64ఎ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు.

శ్రీకాకుళం రిమ్స్‌లో గానీ, విజయనగరం సర్వజన ఆసుపత్రిలో గానీ మానసిక వైద్య విభాగంలో అడగండి. దగ్గర్లో ఏ కేంద్రం ఉందో 14446 హెల్ప్‌లైన్లో కనుక్కోవచ్చు. సూదితో ఎక్కించుకున్నాడని తెలిస్తే అదే రోజు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు కూడా చేయించండి.