హాన్లేలో శనిగ్రహం: డబ్బులు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

నక్షత్రాలు చూడ్డానికి లద్దాఖ్‌లోని హాన్లే వెళ్లేవాళ్లకు ముందే చెప్తున్నా. టెంట్ల దగ్గర "స్టార్‌గేజింగ్ ప్యాకేజీ" అంటే ఒక దండం పెట్టి ముందుకు వెళ్లిపోండి.

లేహ్ నుంచి కారుకు రానూపోనూ 22,000 అయింది. దారిలో ఏ ఇబ్బందీ లేదు.

మేం దిగిన టెంటుకు రాత్రికి 4,500. టెలిస్కోపుకు మనిషికి ఇంకో 1,500. బోర్డు మీద మాత్రం వెడల్పాటి వలయాలతో శనిగ్రహం మెరిసిపోతోంది! తీరా చూస్తే స్టాండు గట్టిగా లేదు, ముట్టుకుంటే ఊగుతోంది. అందులో ఓ పసుపు మచ్చ. వలయాలేవని అడిగితే "మబ్బు పట్టింది సార్" అన్నాడు టెంటువాడు. నెత్తిన పాలపుంత కనిపిస్తుంటే మబ్బట! బావమరిది అలిగి పడుకున్నాడు. "శనిని వదిలించుకోవడానికి జనం మందపల్లి వెళ్తారు, మనం డబ్బులిచ్చి వెతుక్కుంటున్నాం" అని మా ఆవిడ సణిగింది.

మర్నాడు ఊళ్లో హోంస్టేకి మారాం. రెండు పూటలా భోజనంతో మనిషికి 1,500. వేడివేడి తుక్పా (నూడుల్స్ సూపు), వాకిట్లో పెద్ద డాబ్సోనియన్ టెలిస్కోపు. ఆ ఇంటావిడ ఇక్కడి డార్క్ స్కై రిజర్వులో (రాత్రి ఆకాశం చీకటిగా ఉండేలా లైట్లను అదుపులో ఉంచే ప్రాంతం) శిక్షణ పొందిన గైడు. "ఫొటోలోలా కనిపించదు" అని ముందే చెప్పేసింది. దాదాపు పదిహేనేళ్లకోసారి వలయాల అంచు మన వైపు తిరుగుతుందట. 2025 మార్చిలో అదే జరిగింది, మేం వెళ్లిన సెప్టెంబరులోనూ ఇంకా సన్నగానే ఉన్నాయి. ఈ చివరి నుంచి ఆ చివరికి 2,80,000 కిలోమీటర్లున్న ప్రధాన వలయాల మందం చాలాచోట్ల పదుల మీటర్లే. అంతా మంచు ముక్కలే. చూస్తే నిమ్మపండుకు సూది గుచ్చినట్టుంది.

గ్రహం కూడా గుండ్రంగా లేదు. అదంతా హైడ్రోజన్, హీలియం. పదిన్నర గంటలకో చుట్టు తిరిగే వేగానికి నడుము ఉబ్బిపోయి, ధ్రువాల మధ్య కొలత కంటే అడ్డకొలత దాదాపు 12,000 కిలోమీటర్లు ఎక్కువట. ఇంత లావున్నా సగటు సాంద్రత నీటి కంటే తక్కువ! పక్కనున్న చుక్క టైటాన్, బుధుడి కంటే పెద్ద ఉపగ్రహం. శనికి సూర్యుడి చుట్టూ ఒక చుట్టుకు 29.5 ఏళ్లు అనగానే మా ఆవిడ లెక్కేసింది: రాశికి రెండున్నరేళ్లు, మూడు రాశులకు ఏడున్నర, ఏలినాటి శని సరిపోయింది. బావమరిదిని టెలిస్కోపు దగ్గర్నుంచి కదపడం మా వల్ల కాలేదు.

వలయాలు బాగా విచ్చుకుని కనిపించాలంటే 2032 దాకా ఆగాలి. నన్నడిగితే ఇప్పుడే వెళ్లండి. నోట్లు దగ్గరుంచుకోండి. రాత్రిపూట తెల్ల టార్చి వేయకండి, ఎర్ర లైటు పట్టుకెళ్లండి.