భీమవరంలో వేసవి క్రికెట్ శిబిరం: ఏ పిల్లవాడిని ఏ బ్యాచ్‌లో వేస్తారు, ఎందుకు వేస్తారు?

దాళ్వా (రెండో పంట వరి) కోతలు ముగిసి కాలువలు కట్టేసిన ఏప్రిల్ చివరి వారంలో, పదేళ్లు నిండిన మా అబ్బాయిని భీమవరంలోని ఒక క్రికెట్ అకాడమీ వేసవి శిబిరంలో చేర్చాను. ఆరు వారాలకు రుసుము 6,000 రూపాయలు; బ్యాటు, ప్యాడ్లు, హెల్మెట్ ఎవరివి వారే తెచ్చుకోవాలి. శిబిరం ముగిసింది కనుక, వచ్చే వేసవికి ఇలాంటి చోటు వెతుక్కునే తల్లిదండ్రులకు పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. అకాడమీ పేరు మాత్రం రాయడం లేదు. నేను పట్టుకున్న లోపం మన చుట్టుపక్కల చాలా శిబిరాల్లో కనిపించేదే కాబట్టి, ఒక్కరినే వేలెత్తి చూపడం న్యాయం అనిపించలేదు.

వసతుల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు, అవి బాగున్నాయి. ఉదయం 6 గంటలకు మొదలుపెట్టి ఎండ ముదరకముందే, 8 గంటల కల్లా పిల్లలను వదిలేస్తారు. మన డెల్టా ఉక్కపోతలో ఇది చిన్న విషయం కాదు. మంచినీళ్లు, నిమ్మరసం వాళ్లే ఇస్తారు. ఉండి, వీరవాసరం, ఆకివీడు నుంచి వచ్చే పిల్లలకు వ్యాను ఉంది. ముఖ్య శిక్షకుడు ఓపిక గల మనిషి. ఒక్క పిల్లవాడిని కూడా పేరు తప్పు పిలవగా నేను వినలేదు.

నా అసలు విషయం మొదటి రోజు జరిగిన ట్రయల్స్‌తో మొదలవుతుంది. పన్నెండేళ్ల లోపు పిల్లలు అరవై మందికి పైగా వచ్చారు. ఒక్కొక్కరికి అయిదు పరీక్షలు పెట్టి, ఒక్కోదానికి పది చొప్పున మొత్తం యాభై మార్కులు వేశారు. బౌండరీ దగ్గర నుంచి బంతి విసరడం, ముప్పై మీటర్ల పరుగు, పది క్యాచ్‌లు, త్రోడౌన్‌లో, అంటే శిక్షకుడు చేత్తో విసిరే పన్నెండు బంతులు ఆడడం, ఆరు బంతులు వేయడం, ఇవీ ఆ అయిదు. రెండు గంటల్లో అంతా అయిపోయింది. మర్నాడు ఉదయం గోడకు అంటించిన కాగితంలో మూడు జాబితాలు కనిపించాయి. 32 మార్కులు, ఆపైన వచ్చిన పధ్నాలుగు మంది ‘ఏ’ బ్యాచ్‌లోకి, తర్వాతి ఇరవై రెండు మంది బీ బ్యాచ్‌లోకి, మిగిలినవారు సీ బ్యాచ్‌లోకి వెళ్లారు. జాబితాలో పేర్లు ఉన్నాయి గాని ఎవరికి ఎన్ని మార్కులు వచ్చాయన్నది లేదు. మావాడు బీ బ్యాచ్‌లో పడ్డాడు.

బీ బ్యాచ్‌లో పడినందుకు నాకు బాధ లేదు. పిల్లలను నైపుణ్యాన్ని బట్టి విడదీయడం అవసరమే. గట్టిగా బంతి వేసే కుర్రాడి ఎదుట నిన్న మొన్న బ్యాటు పట్టిన పిల్లవాడిని నిలబెడితే, ఒకడికి భయం, రెండోవాడికి విసుగు మిగులుతాయి. సంక్రాంతి బరిలో ఉజ్జీ కుదరనిదే కోడిని వదలరని మన జిల్లా వారికి వేరే చెప్పనక్కర్లేదు (చట్టం ఏమంటుందో కూడా చెప్పనక్కర్లేదు). ఉజ్జీని దేన్ని బట్టి చూశారు, ఒకసారి చూసిన తర్వాత మళ్లీ ఎప్పుడు చూస్తారు అన్నవి తేలాలని మాత్రమే నా పట్టు.

మూడో వారంలో అడగగా శిక్షకుడు అభ్యంతరం చెప్పకుండా తన నోటు పుస్తకం చూపించారు. మావాడికి విసరడంలో 3, పరుగులో 5, క్యాచ్‌లలో 8, బ్యాటింగ్‌లో 8, బౌలింగ్‌లో 6, మొత్తం 30. అదే పుటలో ‘ఏ’ బ్యాచ్‌కు వెళ్లిన ఒక పిల్లవాడికి విసరడంలో 9, పరుగులో 8, మిగిలిన మూడింటిలో అయిదేసి, మొత్తం 32. ఆ అబ్బాయి మావాడి కన్నా జానెడు పొడుగు, దాదాపు ఏడాది పెద్ద. యాభైలో ఇరవై మార్కులు ఎముక పుష్టికీ కాలి సత్తువకీ పోతున్నాయి కాబట్టి, ఈ పరీక్ష ఆట ఎంత వచ్చో కొలిచినట్లే కనిపిస్తూ, ఎవరు ముందు పుట్టారో కూడా కొలుస్తోంది. మన దేశపు జూనియర్ క్రికెట్‌లో వయసును సెప్టెంబరు 1వ తేదీతో లెక్కిస్తారు; ఆ రోజు నుంచి మరుసటి ఆగస్టు చివరి దాకా పుట్టినవారంతా ఒక వరుస. మావాడు ఆగస్టు మూడో వారంలో పుట్టాడు. అంటే తన వయసు వరుసలో ఎప్పుడూ చివరివాడే.

ఇది నా పుత్రవాత్సల్యం కల్పించిన వాదన కాదని చెప్పడానికి అమెరికా బేస్‌బాల్ సంగతి ఎత్తుకోవాలి. మా చెల్లెలు టెక్సాస్‌లో ఉంటుంది. మేనల్లుడు అక్కడ బేస్‌బాల్ ఆడతాడు. పిల్లల బేస్‌బాల్‌కు పేరు పడ్డ లిటిల్ లీగ్ 1939లో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో పుట్టింది. చాలా ఏళ్లు అక్కడ వయసు లెక్కకు జూలై 31 హద్దుగా ఉండేది. దానివల్ల ఆగస్టులో పుట్టిన పిల్లలు వరుసలో అందరికన్నా పెద్దవారయ్యేవారు. అమెరికాలో పుట్టి, అక్కడి అగ్రశ్రేణి బేస్‌బాల్ అయిన మేజర్ లీగ్ దాకా ఎదిగిన ఆటగాళ్లలో జూలైలో పుట్టినవారి కంటే ఆగస్టులో పుట్టినవారు స్పష్టంగా ఎక్కువ ఉన్నారని గమనించినవారు, ఈ హద్దునే కారణంగా చెబుతారు. పదేళ్లప్పుడు కాస్త పొడుగున్నవాడు మంచి జట్టులో పడతాడు, మంచి జట్టులో మంచి శిక్షణ దొరుకుతుంది, ఆ శిక్షణతో నిజంగానే మెరుగవుతాడు. ఇప్పుడు లిటిల్ లీగ్ ఆ హద్దును ఆగస్టు 31కి మార్చింది. ఆగస్టు బిడ్డలు అక్కడ కూడా మావాడి వరుసలోకే వచ్చారు.

ఆ దేశంలో పిల్లలను పరీక్షించే తీరు పైకి మన శిబిరంలాగే ఉంటుంది. వీపు మీద అంకె అంటించుకున్న పిల్లలు వరుసగా వచ్చి బంతి కొట్టి, నేల బంతులు, గాలి బంతులు పట్టి, విసిరి, పరుగెత్తి వెళతారు. పలువురు శిక్షకులు ఎవరి కాగితం మీద వారు మార్కులు వేస్తారు. తేడా ఆ తర్వాత వస్తుంది. చిన్నవారికి టీ బాల్ (కర్ర మీద నిలిపిన బంతిని కొట్టే ఆట), ఆపైన మైనర్స్, తొమ్మిది నుంచి పన్నెండేళ్ల వారికి మేజర్స్ అని అంచెలు ఉన్నా, ఒక అంచెలోని జట్లన్నీ సమంగా ఉండాలన్నది ఊరి లీగుల ఉద్దేశం. అందుకోసం శిక్షకులు వంతులవారీగా పిల్లలను ఎంచుకుంటారు. చాలా లీగుల్లో మొదటి వంతులో చివర ఎంచుకున్నవాడు రెండో వంతులో ముందు ఎంచుకుంటాడు. మన చిన్నప్పుడు ఇద్దరిద్దరు సమ ఉజ్జీలు పక్కకు వెళ్లి మారుపేర్లు పెట్టుకుని వచ్చి, ఇద్దరు నాయకుల ముందు నిలబడి ‘ఏది కావాలి’ అని అడిగేవాళ్లం కదా, ఆ ఏర్పాటు వెనక ఉన్న న్యాయం కూడా ఇదే.

దీనికి పూర్తిగా ఎదురైనది ట్రావెల్ బాల్ అనే పోటీ బేస్‌బాల్. అక్కడ బాగా ఆడేవారినందరినీ ఏరి ఒకే జట్టులో చేరుస్తారు. టోర్నమెంట్లు నిర్వహించే యూఎస్‌ఎస్‌ఎస్‌ఏ వంటి సంస్థలు జట్లను ఏఏ, ఏఏఏ, మేజర్ అని తరగతులుగా విభజిస్తాయి. గెలుస్తూ పోయే జట్టును పై తరగతికి పంపుతాయి. ఇందులో ఖర్చూ తిరుగుడూ విపరీతం అని మా చెల్లెలు వాపోతుంది. అయినా ఒక మెచ్చుకోదగిన గుణం ఉంది: తరగతి ఎందుకు మారిందో అడిగితే చూపించడానికి ఆడిన ఆటల ఫలితాలు ఉంటాయి. ఒక్క ఉదయం తీసిన మార్కుల మీద ఏడాదంతా నడవదు.

మన శిబిరం ఈ రెండింటిలో ఏదో తేల్చుకోలేదు. ‘ఏ’ బ్యాచ్‌కు టర్ఫ్ వికెట్ (పచ్చిక నేల పిచ్), ముఖ్య శిక్షకుడు. బీ బ్యాచ్‌కు మ్యాట్ వికెట్ (చాప పరిచిన పిచ్), ఇంకా కాలేజీలో చదువుతున్న సహాయకుడు. సీ బ్యాచ్‌కు మైదానం మూల, టెన్నిస్ బంతి. రుసుము మాత్రం మూడు బ్యాచ్‌లకూ ఒకటే. బంతి మ్యాట్ మీద లేచే తీరు వేరు, టర్ఫ్ మీద వేరు. ఆరు వారాల తర్వాత ఈ బ్యాచ్‌ల మధ్య కనిపించే తేడాలో ఎంత పిల్లలది, ఎంత వికెట్‌ది అన్నది ఎవరూ చెప్పలేరు. సహాయకుడి శ్రద్ధకు వంక పెట్టడం లేదు. ఇరవై రెండు మందిని ఒక్కడే చూసుకోవడం కష్టం.

చేరినప్పుడు ఇచ్చిన కరపత్రంలో పదిహేను రోజులకొకసారి పునఃపరీక్ష అని ఉంది. ఆరు వారాల్లో అది ఒకే ఒక్కసారి, నాతోపాటు మరో ఇద్దరు తండ్రులు వెళ్లి అడిగిన తర్వాత జరిగింది. ముగ్గురు పిల్లలు ‘ఏ’ బ్యాచ్‌కు మారారు, వారిలో మావాడు లేడు. ‘ఏ’ నుంచి కిందికి ఒక్కరూ రాలేదు. దిగే దారి లేని చోట ఎక్కే దారి కూడా ఇరుకుగానే ఉంటుంది. ఈ మాట అన్నప్పుడు శిక్షకుడు నవ్వి, ‘కిందికి దించితే వాళ్ల నాన్నగారితో ఎవరు మాట్లాడతారండీ’ అన్నారు. అందులో నిజం ఉంది. చేపలు, రొయ్యల చెరువుల మీద నాలుగు డబ్బులు చూసిన ఇళ్ల నుంచి వచ్చే ఒత్తిడి ఎలాంటిదో ఈ ఊళ్లో ఎవరికి తెలియదు?

ఇంకొక లోపం పై బ్యాచ్‌కు సంబంధించినది. బాగా బంతి వేసే కుర్రాళ్ల చేత రోజూ లెక్క లేకుండా వేయించారు. లిటిల్ లీగ్‌లో పదకొండు, పన్నెండేళ్ల పిచర్ (బంతి విసిరే ఆటగాడు) ఒక రోజులో 85 బంతులకు మించి వేయకూడదు, 66 దాటితే నాలుగు రోజులు విశ్రాంతి తప్పనిసరి. క్రికెట్ బౌలింగ్ కదలిక వేరు కాబట్టి ఆ అంకెలు ఇక్కడ యథాతథంగా పనికిరావు. లెక్క రాసే అలవాటు మాత్రం పనికివస్తుంది. మీ పిల్లవాడు ‘ఏ’ బ్యాచ్‌లో పడితే సంతోషించే ముందు, రోజుకు ఎన్ని బంతులు వేయిస్తారో అడగండి.

మొదటిసారి బ్యాటు పట్టే పిల్లవాడికి, వయసుకు మించిన పుష్టి గల పిల్లవాడికి ఈ శిబిరం నిస్సంకోచంగా సిఫార్సు చేస్తాను. ఒంటికి చిన్నవాడై ఆట తెలిసినవాడి విషయంలో, మొదటి రోజునే మార్కుల కాగితం చూపమని అడిగి, పునఃపరీక్ష తేదీలు రాయించుకుని, అప్పుడు రుసుము కట్టండి. మావాడు బడులు తెరిచాక ఆదివారం బ్యాచ్‌కు వెళతానంటున్నాడు. నేను ఒక నెల రుసుమే కట్టాను. జూలై మొదటి ఆదివారం అందరికీ మళ్లీ పరీక్ష పెడతామని, ఈసారి మార్కులు గోడకు అంటిస్తామని శిక్షకుడు చెప్పారు.