దోమతెరకా, ఇంకా పుట్టని వాళ్లకా: పరోపకారం డబ్బు ఎటు పోతే మేలు?

దానం చేసిన వాళ్లను లెక్క అడగడం మర్యాద కాదని చాలామంది అనుకుంటారు. అడిగి తీరాలనేవాళ్లు ఎఫెక్టివ్ ఆల్ట్రూయిజం ఉద్యమంవాళ్లు, అంటే ఇచ్చే ప్రతి రూపాయితో ఎక్కువ మేలు ఎక్కడ జరుగుతుందో లెక్కేసి ఇవ్వాలనేవాళ్లు. 1972లో తత్వవేత్త పీటర్ సింగర్ వేసిన ప్రశ్న వాళ్లకు మూలం: కళ్లెదుట బిడ్డ నీళ్లలో మునిగిపోతుంటే బట్టలు పాడవుతాయని ఆగం కదా, దూరదేశంలో చనిపోతున్న బిడ్డ విషయంలో మాత్రం ఎందుకు ఆగుతాం? ఈ ప్రశ్నతో మొదలైన ఉద్యమంలో ఇప్పుడు ఒకే కప్పు కింద రెండు కాపురాలున్నాయి. ఒకటి ఇప్పుడు బతికున్న పేదల కోసం, రెండోది ఇంకా పుట్టని తరాల కోసం. నేను మొదటిదాని వైపే మొగ్గుతాను. అలాగని భవిష్యత్తు గురించి ఆలోచించడం వెర్రి అని నేననను.

మొదటి కాపురానికి గుర్తు దోమతెర. మలేరియా ఏటా దాదాపు 6 లక్షల మందిని పొట్టన పెట్టుకుంటోంది. వాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికాలోని ఐదేళ్లలోపు పిల్లలు. పురుగుమందు పట్టించిన తెరలు ఇస్తే, అసలు తెరలు లేని చోట్లతో పోల్చినప్పుడు పిల్లల మరణాలు 17 శాతం దాకా తగ్గుతాయని అనేక పరీక్షలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష తేల్చింది. ఇలాంటి కార్యక్రమాలను జల్లెడ పట్టడానికే 2007లో గివ్‌వెల్ పుట్టింది. ఒక ప్రాణం నిలబెట్టడానికి సుమారు 3 వేల నుంచి 5,500 డాలర్లు పడుతుందని ఆ సంస్థ చెబుతూ వచ్చింది. అదీ అంచనాయే. కాకపోతే తప్పయితే పట్టుబడే అంచనా. దోమలు మందుకు తట్టుకోవడం నేర్చినా, తెరలతో జనం చేపలు పట్టుకుంటున్నా, వెళ్లి చూసినవాళ్లకు తెలుస్తుంది. అప్పుడు అంకె మార్చక తప్పదు.

దీని మీదా గట్టి విమర్శలున్నాయి. బయటి డబ్బుతో వైద్యం నడిస్తే ప్రభుత్వం తన ప్రజలకు జవాబు చెప్పడం మానేస్తుందని నోబెల్ గ్రహీత ఆంగస్ డీటన్ అంటారు. పేదరికం భారీగా తగ్గింది ఆర్థిక వృద్ధి వల్లే తప్ప ఇలాంటి చిన్న చిన్న కార్యక్రమాల వల్ల కాదని ఆర్థికవేత్త లాంట్ ప్రిచెట్ వాదన. ఆయన చెప్పింది నిజమే. కానీ చందాలిచ్చి ఒక దేశానికి వృద్ధిని తెప్పించే ఉపాయం ఎవరి దగ్గర ఉంది?

ఇక రెండో కాపురం. కృత్రిమ మేధ, ప్రయోగశాలలో తయారయ్యే మహమ్మారి, అణుయుద్ధం వంటి వాటితో మానవజాతే తుడిచిపెట్టుకుపోకుండా చూడాలన్నది వీళ్ల లక్ష్యం. ఆ ముప్పు ఈ శతాబ్దంలో ఆరింట ఒక వంతు ఉందని 2020లో తత్వవేత్త టోబీ ఆర్డ్ రాశారు. మరో తత్వవేత్త నిక్ బోస్ట్రమ్ లెక్క ఇంకా దూరం పోతుంది: భవిష్యత్తులో వంద కోట్ల కోట్ల మంది పుడతారనుకుంటే, ముప్పును ఒక శాతంలో పది లక్షలో వంతు తగ్గించినా పది కోట్ల ప్రాణాలు కాపాడినట్టే. గుణకారం తప్పేమీ లేదు. చిక్కంతా అందులో వేసిన అంకెలతోనే. అంత పెద్ద సంఖ్యతో ఏ చిన్న ఊహను గుణించినా దోమతెర ఓడిపోతుంది. ఆ ఊహ తప్పని తేల్చే పరీక్ష ఏదీ లేదు, తేలేనాటికి మనలో ఎవరూ ఉండరు.

కొవిడ్ రాకముందే మహమ్మారుల సన్నద్ధతకు వీళ్లు డబ్బిచ్చారు. ఆ ఘనత ఇవ్వాల్సిందే. కానీ అదే వర్గం ఆక్స్‌ఫర్డ్ దగ్గర విథమ్ ఆబీ అనే పాత భవంతిని సమావేశాల కోసం దాదాపు కోటిన్నర పౌండ్లు పోసి కొంది, 2024లో అమ్మకానికి పెట్టింది. ఆస్తి కాబట్టి డబ్బంతా నీళ్లపాలయిందని అనలేం. నన్ను ఇబ్బంది పెట్టేది వేరు: తెరకు పైసా పైసా లెక్క అడిగినవాళ్లు, అక్కడ జరిగే చర్చల విలువను ఊహతో సరిపెట్టుకున్నారు. 2022 నవంబరులో క్రిప్టో కరెన్సీ ఎక్స్ఛేంజీ ఎఫ్‌టీఎక్స్ కుప్పకూలడం మరో పాఠం. దాని అధిపతి శామ్ బ్యాంక్‌మన్-ఫ్రీడ్ డబ్బుతో అదే ఏడాది మొదలై, ఈ రెండో కాపురం పనులకు డబ్బిచ్చిన ఫ్యూచర్ ఫండ్, ఏడాదైనా నిండకుండానే మూతపడింది.

పంజరాల్లో పెంచిన కోళ్ల గుడ్లు కొనబోమని కంపెనీల చేత మాట ఇప్పించే ప్రచారాలూ ఈ ఉద్యమంలో ఉన్నాయి, అవి ఈ రెండు కాపురాల మధ్య ఎక్కడో ఉంటాయి. కంపెనీ మాట ఇచ్చిందా, నిలబెట్టుకుందా అని చూడవచ్చు కాబట్టి నా లెక్కలో అవి తెరల పక్కనే.

నిజానికి ఉద్యమం మొత్తం ఖర్చులో ప్రపంచ ఆరోగ్యానిదే పెద్ద వాటా. ఒరుగుతున్నది ధ్యాస. ఏ ఉద్యోగం చేస్తే ఎక్కువ మేలని యువతకు సలహాలిచ్చే 80,000 అవర్స్ సంస్థ 2025లో తన ప్రధాన దృష్టిని కృత్రిమ మేధ వైపు తిప్పింది. ఆ పరిశోధన జరగాల్సిందే. దానికి డబ్బు విజ్ఞానశాస్త్రానికి ఇచ్చినట్టు ఇవ్వాలి, ఫలితం రాకపోవచ్చని ముందే ఒప్పుకుని. "ఇన్ని కోట్ల ప్రాణాలు" అనే చీటీ అంటించి దోమతెర ఉన్న త్రాసులో వేస్తేనే నాకు అభ్యంతరం.