జాగ్రత్త: టేకు మందిరం మీద నూనె మరకలకు ఈ రకం స్ప్రేలు కొనకండి

దేవుడి మందిరంలో దీపం పెట్టేచోట నువ్వుల నూనె కారి, జిడ్డు పట్టి నల్లబడటం మన ఇళ్లలో మామూలే. పండక్కి ముందు అది పోగొడదామని ఆన్‌లైన్‌లో ఒక గ్రీజు క్లీనర్ తెప్పించాం. సీసా మీద చెక్క అల్మరా బొమ్మ, పక్కనే ‘చెక్క, టైల్స్, స్టీలు అన్నింటికీ’ అని పెద్ద అక్షరాలు. ఆ మాట నమ్మి ఇంకెవరూ కొనకూడదనే ఇది రాస్తున్నాను.

కొట్టిన కాసేపటికే పాలిష్ మెత్తబడి బంకలా అయిపోయింది. తుడిస్తే గుడ్డకి ఎర్రటి రంగు అంటుకొచ్చింది. మరక పోలేదు సరికదా, మందు కారినచోటల్లా టేకు చారలు చారలుగా నల్లబడింది. సీసా వెనక, కంటికి ఆనని అక్షరాల్లో ‘సోడియం హైడ్రాక్సైడ్’ అని ఉంది. అంటే కాస్టిక్ సోడా. జిడ్డుని విరగ్గొడుతుంది, నిజమే. కానీ వార్నిష్‌నీ తినేస్తుంది, చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థంతో కలిసి రంగు మార్చేస్తుంది. అలాంటి సరుకుని చెక్క బొమ్మ వేసి అమ్మడం మోసం.

అమ్మినవాళ్లు ‘సీల్ తీశాక వాపసు లేదు’ అని చాట్ ముగించేశారు. నేను సీసా రెండువైపులా, మందిరం ఫొటోలు తీసి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. తప్పుదోవ పట్టించే ప్రకటనలు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తాయి. కాబట్టి బిల్లు, సీసా పారేయకండి.

ఇప్పటికే కొట్టేసినవాళ్లు గ్లౌజులు వేసుకుని తడిగుడ్డతో బాగా తుడవండి. తర్వాత కాస్త వెనిగర్ కలిపిన నీళ్లతో, మళ్లీ మామూలు నీళ్లతో తుడిచి ఆరనివ్వండి. మా మందిరానికైతే సాండ్ పేపర్ పట్టి మళ్లీ పాలిష్ వేయక తప్పదన్నాడు వడ్రంగి.

నిజానికి అప్పుడే ఒలికిన నూనెకి టాల్కం పౌడరో ముల్తానీ మట్టో మందంగా చల్లి రాత్రంతా వదిలేస్తే చాలావరకు పీల్చేస్తుంది. పాత జిడ్డుకి గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, గుడ్డ గట్టిగా పిండి, చెక్క గీతల వెంటే తుడవాలి. వెంటనే పొడిగుడ్డ పట్టాలి. పాలిష్ లేని పీటలకి కొందరు టర్పెంటైన్ వాడతారు. అది ఇట్టే అంటుకుంటుంది, దీపం వెలుగుతుంటే దగ్గరికి తేకండి. ఏదైనా ముందు మందిరం వెనకవైపు కొంచెం పూసి, ఆరాక చూడండి.

కొనేముందు సీసా వెనక లేబుల్ ఫొటో అడగండి. అందులో సోడియం హైడ్రాక్సైడ్ గానీ పొటాషియం హైడ్రాక్సైడ్ గానీ ఉంటే చెక్కకి వద్దు. ఫొటో పంపకపోతే అసలు కొనొద్దు.