బాల్సా విమానాల పెట్టె: మూడేళ్ళ వాడకం తర్వాత

2022 జూలైలో, బడులు తెరిచిన వారానికి, నా జీతంలోంచి 4,800 రూపాయలు పెట్టి ఒక ఏరోమోడలింగ్ పెట్టె తెప్పించాను. విజయనగరానికీ భోగాపురానికీ మధ్య ఉన్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలు మూడు విద్యా సంవత్సరాలు దాన్ని వాడారు. ఇప్పుడు 2025 వేసవి సెలవుల్లో, పెట్టెలో మిగిలిన సామాను నేల మీద పరుచుకుని ఇది రాస్తున్నాను. కొన్న నెలకే రాసి ఉంటే మోటారు విమానాన్ని ఆకాశానికి ఎత్తి, చెక్క పలకలకు ఒక వాక్యం ఇచ్చి ఊరుకునేవాణ్ణి.

ఇలాంటి పెట్టెలు మూడు నాలుగు రకాలు చూశాను. లోపలి సరుకు దాదాపు ఒకటే కాబట్టి కంపెనీ పేరు జోలికి పోకుండా సరుకు గురించే చెబుతాను. మాకు వచ్చిన పెట్టెలో చేతితో విసిరే గ్లైడర్లకు కోసి ఉంచిన బాల్సా చెక్క పలకలు పన్నెండు జతలు, రబ్బరు మెలితో ఎగిరే విమానాలు నాలుగు, ఛార్జి చేసి వదిలే మోటారు ఉన్న ఫోమ్ విమానాలు రెండు, నీటి రాకెట్‌ను నిలబెట్టే పీట ఒకటి, ఇంగ్లీషులో ఇరవై నాలుగు పేజీల పుస్తకం ఉన్నాయి.

మా పిల్లలకు విమానం అంటే దూరపు వస్తువు కాదు. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో అంతర్జాతీయ విమానాశ్రయం కడుతున్నారు; ఆ పని మీద తిరిగే లారీలు మా బడి ముందు నుంచే వెళతాయి. 2014 నుంచి 2018 వరకు కేంద్ర పౌర విమానయాన మంత్రి విజయనగరం ఎంపీ అశోక్ గజపతిరాజు. 2024 నుంచి ఆ శాఖ చూస్తున్నది శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు. చుట్టూ ఇంత విమానం మాట ఉన్నా, అంత బరువు గాలిలో ఎలా నిలుస్తుందని అడిగితే తొంభై మంది పిల్లలు ఒకే మాట చెప్పారు: "ఇంజను ఉంది కదా మాస్టారూ!" ఇంజను లేకుండా ఎగిరే చెక్క ముక్కను వాళ్ళ చేతిలో పెట్టాలని నాకు అప్పుడే గట్టిగా అనిపించింది.

ముందు ఆ చెక్క సంగతి. బాల్సా ఎక్కువగా ఈక్వడార్ నుంచి వస్తుంది. ఘనపు మీటరు సగటున 160 కిలోలు తూగుతుంది. మన టేకు అయితే 650 కిలోల దాకా. పిల్లలు మొదటిసారి పలక పట్టుకున్నప్పుడు అట్ట అనుకున్నారు. బ్లేడుతో కోసి, గరుకు కాగితంతో రుద్ది, ముక్కు దగ్గర కొంచెం బంకమట్టి పెడితే గ్లైడర్ తయారు. తయారీకి అరగంట చాలు. అది తిన్నగా ఎగరడానికి మాత్రం మాకు వారం పట్టింది. ఈ పెట్టె విలువ సగం ఆ వారంలోనే ఉంది.

మొదటి రోజు ఒక్కటీ ఎగరలేదు. కొన్ని నిటారుగా లేచి, ఆగి, తలకిందులై పడ్డాయి. కొన్ని విసిరిన చోటే ముక్కుతో నేలను పొడిచాయి. పుస్తకంలో దీనికి ఇచ్చిన సలహా రెండు వాక్యాలు. నేను నల్లబల్ల మీద గరిమనాభి బొమ్మ గీశాను, ఎవరికీ ఎక్కలేదు. అప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, "సిరిమాను లాగానా మాస్టారూ?" అంది. పైడితల్లి అమ్మవారి పండుగలో ఆ పొడవైన చింతమాను రథం మీద ఎక్కడ ఆనుతుందో, పూజారి కూర్చున్న కొన ఎలా పైకి లేస్తుందో మా జిల్లా పిల్లలందరూ కళ్ళారా చూసినవారే. ఇక నేను చెప్పాల్సింది మిగల్లేదు. రెక్కల కింద రెండు చూపుడు వేళ్ళు పెట్టి గ్లైడర్‌ను నిలబెట్టారు. రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో మూడో వంతు దగ్గర తూకం కుదిరితే బాగా ఎగిరింది. ముక్కు లేపి ఆగిపోతే మట్టి కొంచెం కలిపారు. ముక్కు పొడిస్తే కొంచెం గిల్లి తీశారు. రెక్క కొనలు రెండూ కాస్త పైకి లేపి అతికిస్తే పక్కకు ఒరిగిన గ్లైడర్ తనంతట తానే సర్దుకుంటుందని కూడా వాళ్ళే పట్టుకున్నారు. విసరడంలో బలం పనికిరాదు. భుజం ఎత్తున పట్టుకుని, గాలికి ఎదురుగా, ముక్కు పిసరంత కిందికి వంచి తోసినట్టు వదలాలి. క్రికెట్ బంతి విసిరే అలవాటున్న మగపిల్లలు దీనికి చాలా తిప్పలు పడ్డారు.

వేళ కూడా ముఖ్యం. పది దాటితే సముద్రపు గాలి మొదలై తేలిక గ్లైడర్లను ప్రహరీ అవతలికి పట్టుకుపోతుంది. ఏడున్నరకు మైదానంలో ఉండాలి. మా అటెండరు రైతు కూడా. ధాన్యం తూర్పారబట్టేవాళ్ళకు గాలి వేళలు ఎవరూ నేర్పక్కర్లేదు కదా. ఆయన చెప్పిన వేళకే మేము ఎగరేస్తాం.

ఇప్పుడు పుస్తకం గురించి. కొనేవాళ్ళు తెలుసుకోవలసిన పెద్ద లోపం ఇదే. రెండో పేజీలో రెక్క బొమ్మ గీసి, పై భాగం వంపుగా ఉండటం వల్ల పైన పోయే గాలికి దారి ఎక్కువ, కింద పోయిన గాలిని వెనక అంచు దగ్గర మళ్ళీ కలుసుకోవాలి కాబట్టి వేగంగా పోతుంది, అందుకే పైన పీడనం తగ్గుతుంది అని రాశారు. ఈ వివరణ ఎన్నో పాఠ్యపుస్తకాల్లో, పోటీ పరీక్షల గైడ్లలో ఉంది. నేనూ చాలా ఏళ్ళు ఇదే చెప్పాను. అది చదివి వినిపించిన రోజే ఎనిమిదో తరగతి పిల్లవాడు గ్లైడర్ పైకెత్తి చూపించి అడిగాడు: "మాస్టారూ, మన రెక్క చదునుగా ఉంది. పైనా కిందా దారి ఒకటే. మరి ఇది ఎలా ఎగిరింది?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వెళ్ళి మూడు రాత్రులు చదివాను. పైన గాలి వేగంగా పోయే మాట, అక్కడ పీడనం తగ్గే మాట నిజమే. రెండు గాలులూ ఒకేసారి వెనక అంచుకు చేరాలన్న నియమం మాత్రం ఎక్కడా లేదు. పొగ వదిలి తీసిన చిత్రాల్లో పై గాలి కింది గాలి కంటే ముందే చేరడం స్పష్టంగా కనిపిస్తుంది. రెక్కను గాలికి కాస్త ఎత్తి పెట్టినప్పుడు అది గాలిని కిందికి మళ్ళిస్తుంది, గాలి రెక్కను పైకి నెడుతుంది. న్యూటన్ మూడవ నియమం పిల్లలకు వచ్చిందే. వంపు ఉంటే ఆ పని ఇంకా బాగా జరుగుతుంది, లేకపోయినా జరుగుతుంది.

మర్నాడు ఇది చెబుతుంటే, పలాస వైపు నుంచి వచ్చి మా ఊళ్ళో మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటున్న అమ్మాయి లేచింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వాళ్ళ జీడిపిక్కల షెడ్డు రేకు ఒక అంచు లేవగానే పూర్తిగా ఊడి, రెండు తోటల అవతల పడిందట. "ఆ రేకుకు వంపు లేదు మాస్టారూ, అంచు లేచాకే ఎగిరింది" అంది. నా ఉద్యోగంలో ఇంత చక్కటి పాఠం నేను చెప్పలేదు, విన్నాను.

నేను ఈ పెట్టెను మెచ్చుకునేది ఇందుకే. పుస్తకం తప్పు రాసింది, చెక్క దాన్ని పట్టిచ్చింది. విమానం పుట్టిందే ఇలాంటి తగవులోంచి. రైట్ సోదరులు 1900లో, 1901లో చేసిన గ్లైడర్లు లెక్క ప్రకారం రావలసినంత బలం ఇవ్వలేదు. అప్పటికి వందేళ్ళకు పైగా గాలి బలాన్ని లెక్కగట్టడానికి అందరూ నమ్మి వాడుతున్న సంఖ్య, స్మీటన్ గుణకం, 0.005. వాళ్ళు 1901 చలికాలం ముందు ఆరడుగుల చెక్క పెట్టెలో పంకాతో గాలి పంపి, రెండు వందల దాకా చిన్న చిన్న రెక్కలు పరీక్షించారు. ఆ గుణకం 0.0033 దగ్గర ఉండాలని తమ గ్లైడర్ల కొలతల నుంచి తేల్చారు. 1903 డిసెంబరు 17న వాళ్ళ ఇంజను విమానం మొదటిసారి ఎగిరిన ఆ 12 సెకన్లు, ఆ 120 అడుగులు సాధ్యమైంది ఆ కొలతల తర్వాతే. ఈ కథ మా పిల్లలకు చెప్పినప్పుడు "మనలాగే" అన్నారు. అనే హక్కు వాళ్ళకు ఉంది.

రబ్బరు విమానాలు నాలుగూ ఇంకా పనిచేస్తున్నాయి. 1871లో పారిస్ తోటలో అల్ఫాన్స్ పెనో ఎగరేసిన బొమ్మ విమానం ఈ తీరుదే. అది 11 సెకన్లలో సుమారు 40 మీటర్లు పోయింది. మాది ఇప్పటికి పోయిన గరిష్ఠ దూరం 31 అడుగులే, అయినా ప్రతి అడుగూ టేపుతో కొలిచి గోడ మీద రాసుకున్నాం. పెట్టెలో వచ్చిన రబ్బరు రెండు నెలలకే పగుళ్ళు తేలి తెగిపోయింది. ఎండ తగలకుండా డబ్బాలో పెట్టి, ఎక్కించే ముందు నూనె రాస్తే మెలికలు ఎక్కువ పడతాయి. పిల్లలు మొదట కొబ్బరినూనె తెచ్చారు. రబ్బరు ఉబ్బి మెత్తబడిపోయింది. ఆముదం రాస్తే అలా కాలేదు. ఇది పుస్తకంలో ఎక్కడా లేదు.

ఈ విమానం వదలగానే ఎడమకు ఒరిగేది. ప్రొపెల్లర్ ఒక వైపు తిరిగితే ఒళ్ళు రెండో వైపు తిరగాలని చూస్తుంది. తోక నిలువు పలకను కుడికి కొద్దిగా వంచి సరిచేశారు. 2024 జనవరిలో పిల్లల్ని విశాఖ ఆర్.కె. బీచ్‌లో ఉన్న టీయూ-142 విమాన ప్రదర్శనశాలకు తీసుకెళ్ళాను. 1988 నుంచి 2017 వరకు మన నౌకాదళంలో పనిచేసిన విమానం అది. నాలుగు ఇంజన్లు, ఒక్కో ఇంజనుకు ఒకదాని వెనక ఒకటిగా రెండు ప్రొపెల్లర్లు. మిగతా సందర్శకులు ఫొటోలు దిగుతుంటే మావాళ్ళు ఇంజను కింద నిలబడి, ఆ రెండూ ఎదురెదురుగా తిరుగుతాయా అని ఒకరినొకరు అడుగుతున్నారు. అవును, ఎదురెదురుగానే తిరుగుతాయి. ఒళ్ళు తిప్పే బలాలు ఒకదాన్నొకటి చాలావరకు తీసేస్తాయి. ముందు చేత్తో రబ్బరు తిప్పి ఉండకపోతే ఆ ప్రశ్న వాళ్ళకు తట్టేదే కాదు. కాబట్టి వెళ్ళేవాళ్ళు పెట్టె వాడిన తర్వాతే వెళ్ళండి.

నీటి రాకెట్ పీట గట్టిది. రెండు లీటర్ల శీతలపానీయం సీసాలో మూడో వంతు నీళ్ళు పోసి, సైకిలు పంపుతో గాలి కొట్టి వదలాలి. మామూలు మంచినీళ్ళ సీసా ఆ ఒత్తిడికి ఆగదు, వాడకూడదు. పిల్లల్ని పది మీటర్ల దూరంలో ఉంచాలి, దారం లాగేది పెద్దవాళ్ళే కావాలి. పదో తరగతి త్రికోణమితికి ఇంతకంటే మంచి సాధనం నాకు దొరకలేదు: కోణమానికి దారం, గుండు కట్టి, 30 మీటర్ల దూరంలో నిలబడి చూసినప్పుడు 45 డిగ్రీలు చూపిస్తే ఎత్తు 30 మీటర్లకు కంటి ఎత్తు కలిపినంత. టాన్ విలువలు బట్టీ పట్టమని ఆ తర్వాత ఎవరికీ చెప్పవలసి రాలేదు.

ఇక ఫోమ్ మోటారు విమానాలు. మొదటి రోజు కేరింతలన్నీ వాటికే. ఇరవై సెకన్లు ఛార్జి, పది సెకన్లు ఎగురుడు, చప్పట్లు. సరిచేయడానికి, మార్చడానికి వాటిలో ఏమీ ఉండదు. రెండో నెలలో ఒకదాని ప్రొపెల్లర్ విరిగింది. విడిభాగం కావాలని కంపెనీకి ఐదుసార్లు రాశాను. కొత్త పెట్టె కొనుక్కోమన్నారు. రెండోది మూడో నెలలో ఆగిపోయింది. ఆ డబ్బుకు ఇంకో ఇరవై బాల్సా పలకలు ఇచ్చి ఉంటే ఎంత బాగుండేదో! ఆ మధ్య పట్టణంలో ఒక సంస్థ ఒక రోజు విమాన శిక్షణ అంటూ పిల్లకు 600 రూపాయలు తీసుకుని, రిమోట్ విమానం తామే ఎగరేసి చూపించి పంపింది. పిల్లల చేతికి చెక్క కూడా తగలలేదు. అలాంటి వాటికి డబ్బు పెట్టకండి. రిమోట్ విమానం మీరే కొనాలనుకుంటే 2021 డ్రోన్ నిబంధనల్లోని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ జోన్ల పటం చూసుకోవాలి. విమానాశ్రయం పక్కన ఉన్నవాళ్ళం కదా.

మన ప్రాంతపు తేమ బాల్సాకు శత్రువు. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు పలకలు అప్పడాల్లా వంకర్లు పోతాయి. పాత హాజరు పట్టీల మధ్య నొక్కి పెట్టి, వంగినవాటిని మరిగే నీటి ఆవిరి మీద ఆడించి రెండో వైపు వంచితే చాలావరకు తిన్నగా అవుతాయి. విరిగితే తెల్లని చెక్క జిగురు సరిపోతుంది. రెండో ఏడాది పలకలు అయిపోయాక థర్మోకోల్ పళ్ళేలతో రెక్కలు కోసి, వాటికి కొబ్బరి ఈనె అతికించాం. బరువు కొంచెం ఎక్కువైనా బాగానే ఎగిరాయి.

ఇంట్లో ఒక్క పిల్లకో పిల్లవాడికో కొనేవాళ్ళు మొత్తం పెట్టె కొనవద్దు, గ్లైడర్ పలకలు చాలు. పదేళ్ళ లోపు పిల్లలైతే బ్లేడు పని పెద్దవాళ్ళే చూసుకోవాలి. బడికైతే ఈ పెట్టెతో మొదలుపెట్టవచ్చు, కానీ పుస్తకం తెలుగులో లేదు; దశలన్నీ నేను చేత్తో రాసి జిరాక్సులు తీయించి ఇవ్వవలసి వచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో అమ్ముకునే కంపెనీ ఆ మాత్రం శ్రమ పడాలి.

ఈ జూన్‌లో నేను మళ్ళీ పెట్టె కొనడం లేదు. విడిగా బాల్సా పలకలు, పది మీటర్ల రబ్బరు, నాలుగు ప్రొపెల్లర్లు తెప్పిస్తున్నాను. 1,500 రూపాయలు దాటదు. పాత పుస్తకంలోని రెండో పేజీని మాత్రం దాచి ఉంచాను. కొత్తగా ఎనిమిదో తరగతికి వచ్చేవాళ్ళకు మొదటి రోజు అది చదివి వినిపించి, చదునైన పలక చేతికిస్తాను.