గుండె రిస్కుకు ఏది ముందు: సీఆర్‌పీనా, నడుము టేపా, మూత్రమా?

గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా చేసే మా బాబాయి ఆ మధ్య ప్యాకేజీ టెస్టులు చేయించుకుని, ఆ కాగితాలతో నేరుగా మా ఇంటికొచ్చాడు. హెచ్‌ఎస్ సీఆర్‌పీ (సీఆర్‌పీ కొద్దిగా ఉన్నా పట్టే రక్తపరీక్ష) 11 అని ఎర్రగా అచ్చేసి ఉంది. "గుండెలో వాపంట్రా?" అని ఒకటే టెన్షన్.

ఆ వారమంతా ఆయనకు దగ్గు, జ్వరం. సీఆర్‌పీ లివర్‌లో తయారయ్యే ప్రోటీన్. ఒంట్లో ఎక్కడ ఇన్‌ఫ్లమేషన్ (వాపు) ఉన్నా పెరుగుతుంది. అది చిగుళ్లలోనా, ఊపిరితిత్తుల్లోనా, రక్తనాళాల్లోనా అన్నది మాత్రం చెప్పదు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే రిస్కు తక్కువ, 3 దాటితే ఎక్కువ. 10 దాటితే ముందు ఇన్‌ఫెక్షన్‌నే అనుమానించి, తగ్గాక మళ్లీ చేయించాలి. మూడు వారాలాగి చేయిస్తే బాబాయికి 2.4 వచ్చింది. అలాగని ఇది పనికిరాని టెస్టు కాదు. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఎక్కువ లేకపోయినా సీఆర్‌పీ 2, ఆపైన ఉన్నవాళ్లకు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర ఇస్తే గుండెపోట్లు తగ్గాయని 2008లో జూపిటర్ అధ్యయనం చూపింది. స్టాటిన్ వాడాలా వద్దా అని డాక్టరే తేల్చుకోలేనప్పుడు ఇది ఉపయోగపడుతుంది.

ఇక మెటబాలిక్ సిండ్రోమ్, అంటే గుండెజబ్బు, షుగర్ రిస్కు పెంచే ఐదు లక్షణాల గుంపు. దాన్ని తేల్చడానికి ఖరీదైన టెస్టులు అక్కర్లేదు. పిన్ని కుట్టుమిషన్ సొరుగులోంచి టేపు తీసింది. బాబాయి ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు. "గాలి వదులు" అంది పిన్ని. వదిలితే 98 సెంటీమీటర్లు. "నా ప్యాంటు 34 అంగుళాలేగా" అన్నాడు. ప్యాంటు పొట్ట కింద కడతాం. కొలవాల్సింది చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన. మనవాళ్లలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 హద్దు. మిగతా నాలుగు: ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) 150, బీపీ 130/85, పరగడుపు షుగర్ 100, ఇవి ఆ అంకె చేరినా దాటినా లెక్కే, మంచి కొలెస్ట్రాల్ మగవాళ్లకు 40, ఆడవాళ్లకు 50 కన్నా తక్కువ. ఐదింటిలో మూడుంటే సిండ్రోమ్ ఉన్నట్టే. బాబాయికి నడుము, ట్రైగ్లిజరైడ్లు, బీపీ, మూడూ ఉన్నాయి. అయితే సిగరెట్టు, వయసు, ఎల్‌డీఎల్ ఈ లెక్కలోకి రావు. వాటిని విడిగా చూసుకోవాల్సిందే.

మూత్రం టెస్టును మనవాళ్లు చిన్నచూపు చూస్తారు, నాకు బాధగా ఉంటుంది. కిడ్నీ వడపోతలో ఉండేవి సన్నటి రక్తనాళాలే. అక్కడ ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రోటీన్ మూత్రంలోకి కారుతోందంటే, ఒళ్లంతా రక్తనాళాల లోపలి పొర కూడా దెబ్బతింటూ ఉండొచ్చు. మామూలు స్ట్రిప్‌కు కొద్దిపాటి లీకు దొరకదు. ఏసీఆర్ (మూత్రంలో ఆల్బుమిన్‌ను క్రియాటినిన్ అనే వ్యర్థంతో పోల్చే టెస్టు) అని అడిగి, పొద్దున్నే వచ్చే మొదటి మూత్రం ఇవ్వాలి. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపుంటే నార్మల్. జ్వరంలోనూ, బాగా వ్యాయామం చేసిన రోజూ ఇవ్వకూడదు. ఒకసారి ఎక్కువొస్తే మళ్లీ చూడాలి. బాబాయికి రెండుసార్లూ 40 పైనే వచ్చింది. డాక్టరుగారు ఆ లీకునూ తగ్గించే రకం బీపీ మాత్ర మొదలుపెట్టారు.

నన్నడిగితే ముందు టేపు, దాంతోపాటు ఆ నాలుగు అంకెలు. షుగరో బీపీయో ఉంటే ఏసీఆర్ తప్పనిసరి. సీఆర్‌పీ చివర్న, అదీ డాక్టరు అడిగితేనే.

మొన్న ఆదివారం పిన్ని టేపు మా ఇంటికి తెచ్చింది. నాది 92. రేపు పరగడుపున ల్యాబ్‌కు వెళ్తున్నాను.