తొమ్మిదేళ్లుగా ఒకే గడ్డం బ్రష్షు

2016లో కొన్న బ్రష్షుతోనే ఈ ఉదయం కూడా గడ్డం గీసుకున్నాను. ఇటలీలోని ఫోర్లీ పట్టణంలో తయారయ్యే ఒమేగా వారి పంది వెంట్రుకల బ్రష్షు ఇది, మోడల్ 10049. దీనికి ముందున్న బ్రష్షు నా దగ్గర ఎనిమిది నెలలు కూడా నిలవలేదు. కుచ్చు నడుమ వెంట్రుకలు విరిగిపోయి గుంట పడింది. తప్పు పూర్తిగా నాదే. గీజరులోంచి పొగలు కక్కుతూ వచ్చే నీళ్లలో ముంచేవాణ్ణి, చెంప మీద అదిమిపట్టి గిరగిరా తిప్పేవాణ్ణి, చివర్లో తడిబట్టను పిండినట్టు మెలితిప్పి పిండేవాణ్ణి. ఈ మూడింటి దెబ్బా పడేది ఒకేచోట, వెంట్రుకలు పిడిలోకి దిగే మొదట్లో. మరీ వేడినీళ్లు అక్కడి జిగురును వదులు చేస్తాయి, మెలి వెంట్రుకను మొదలంటా విరుస్తుంది.

కొత్త బ్రష్షు కొన్నాక మొదటి నెల ఓపిక పట్టాలి. పంది వెంట్రుక మొదట్లో బిరుసుగా గుచ్చుకుంటుంది, పచ్చి జంతువాసన వేస్తుంది, రోజుకు నాలుగైదు వెంట్రుకలు రాలుతాయి. నాకు వాసన నాలుగు వాడకాలకు పోయింది, రాలడం మూడు వారాలకు ఆగింది. ఆ తర్వాత కొసలు చీలడం మొదలవుతుంది. వెలుతురుకు పట్టి చూస్తే ఒక్కో కొస రెండు మూడు పాయలుగా కనిపిస్తుంది. బ్రష్షు పాడైందని చాలామంది పారేసేది సరిగ్గా అప్పుడే. నిజానికి అది మెత్తబడేదే అప్పటినుంచి. కొస చీలడం మంచిది, నడిమికి విరగడం చెడ్డది. ఈ తేడా తెలిస్తే సగం పని అయినట్టే.

నేను చేసేది ఇంతే. ముఖం కడుక్కునే ముందు మగ్గులో గోరువెచ్చని నీళ్లు పోసి కుచ్చును మూడు నిమిషాలు నానబెడతాను. పంది వెంట్రుక నీళ్లు పీల్చుకుంటేనే మెత్తబడుతుంది. పొడిగా ఉండగా వంచితే పెళుసుగా విరుగుతుంది. తర్వాత ఒకసారి విదిలించి, బాదం గింజంత క్రీము గిన్నెలో వేసి, కొసలతోనే నురగ తీస్తాను. గిన్నెలో తీయడం వల్ల ముఖం మీద ఎక్కువ రుద్దే పని ఉండదు. ముఖం మీద సున్నం వేసినట్టు పైకీ కిందికీ పూయడమే. కుచ్చు సగానికి మించి వంగుతోందంటే అవసరానికి మించి నొక్కుతున్నామన్నమాట.

కడగడం దగ్గర మాత్రం తొందరపడకూడదు. పైన నురగ పోయినంత మాత్రాన సబ్బు పోయినట్టు కాదు. బొటనవేలితో, చూపుడువేలితో వెంట్రుకల మొదళ్ల దగ్గర నొక్కి చూడండి. జారుతూ తగిలితే లోపల ఇంకా ఉంది. మాది హైదరాబాద్‌లో బోరు నీళ్ల ఇల్లు. ఆ నీళ్లలోని కాల్షియం సబ్బుతో కలిసి, నీటికి కరగని తెల్లటి మడ్డిగా వెంట్రుకల మొదట్లో పేరుకుంటుంది. అది గట్టిపడితే కుచ్చు విచ్చుకోదు, వెంట్రుకలు అక్కడే తెగుతాయి. రెండు నెలలకోసారి గ్లాసు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల వెనిగర్ కలిపి, పిడికి తగలకుండా కుచ్చును మాత్రం పావుగంట ఉంచి కడిగేస్తాను. మొదటిసారి చేసినప్పుడు గ్లాసు అడుగున చేరిన మురికి చూసి ఆశ్చర్యపోయాను.

తర్వాత పిడికిట్లో పట్టి, మెలిపెట్టకుండా, లాగకుండా నీళ్లు నొక్కేసి, తువ్వాలు మీద మెల్లగా అద్దుతాను. తలకిందులుగా వేలాడదీయాలా, నిలబెట్టాలా అన్న వాదన చాలాచోట్ల విన్నాను. ఏడాది పాటు వేలాడదీశాను, తర్వాత నిలబెట్టాను. నాకు తేడా కనిపించలేదు. గాలి తగలడమే ముఖ్యం. తడిగా ఉండగా డబ్బాలో పెట్టి మూత వేస్తే బూజు పడుతుంది. వానాకాలంలో ఒక్కరోజులో ఆరదు కాబట్టి ఆ నాలుగు నెలలూ రోజు విడిచి రోజు వాడుకుంటాను.

పంది వెంట్రుకలు వద్దనుకునేవారికి కృత్రిమ పోగుల బ్రష్షు హాయి. మా తమ్ముడిది అదే. నానబెట్టే పని లేదు, త్వరగా ఆరుతుంది, ఊరెళ్లేటప్పుడు నేనూ అదే అడిగి తీసుకెళ్తాను. కానీ ఇంట్లో ఉన్నప్పుడు, తొమ్మిదేళ్లుగా కొసలు చీలి చీలి పట్టులా మారిన నా పాత కుచ్చు చెంపకు తగిలితే ఉండే సుఖం దానిలో నాకు దొరకలేదు.